ఉప్పు అన్న మాట

జూన్ 12, తెనాలి
గుంటూరు డాక్టరు మెల్లగా చెప్పాడు. నాకు మతిమరుపు జబ్బు... మొదలైంది, ఆగదు. మందులు వాడితే కాస్త నెమ్మదిస్తుందట. తిరుగు బస్సులో చెల్లి సునంద నా చెయ్యి వదల్లేదు.

జూన్ 15
హాల్లో ఫోటో — ఢిల్లీలో అవార్డు అందుకుంటూ నేను. వ్యవసాయ కూలీల బతుకుల మీద రాసిన ఆర్థికశాస్త్ర పుస్తకానికి. ఇవాళ ఆ పుస్తకం తెరిచాను. నేను రాసిన వాక్యాలే. వేలు పెట్టి చదివినా అర్థం జారిపోతోంది. భయం.

జూన్ 20
రేపల్లె దగ్గర ఊరి నుంచి కోటమ్మ వచ్చింది. పుస్తకం కోసం తిరిగిన రోజుల్లో వాళ్లింట్లోనే ఉండేదాన్ని. రొయ్యల చెరువుల ఉప్పు వాళ్ల బోర్లలోకి దిగిందట. పొలం పనులు పోయాయి, తాగే నీళ్లూ పోయాయి. ఆ చెరువుల మీద బాపట్లలో విచారణ ఉందట.
"మేం చెబితే ఎవరింటారండి? మీరొచ్చి చెప్పండి అక్కగారూ."
జబ్బు సంగతి నోటిదాకా వచ్చింది. వస్తానన్నాను.

జూన్ 27, బాపట్ల
నన్ను చూసి అధికారి లేచి నిలబడ్డాడు. మొదట బాగానే మాట్లాడాను. తర్వాత... నీళ్లలో కలిసినది... తెల్లగా ఉంటుంది, కూరలో వేస్తాం... మాట రాలేదు. హాలంతా నా నోటివైపే చూస్తోంది. చెరువుల వాళ్ల లాయరు ఎంతో మర్యాదగా: "మేడమ్ గారికి ఒంట్లో బాగోలేదండి. ఇబ్బంది పెట్టొద్దు."
కూర్చోబెట్టారు. విచారణ వాయిదా.

జూన్ 28
ఉప్పు. ఉప్పు. ఉప్పు.

జూలై 2
రైల్లో రేపల్లె వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో ఊరికి. కోటమ్మకు జబ్బు సంగతంతా చెప్పాను. ఇంకెవరినైనా చూసుకోమన్నాను. గడపలో కూలబడింది.
"ఇంకెవరున్నారండి మాకు?"
ఏడ్చింది నేను. తను కాదు. లేచి ఆ బోరు నీళ్లతోనే టీ పెట్టింది. గుక్క మింగలేకపోయాను.
"గుర్తున్నంతవరకే చెప్పండి అక్కగారూ," అంది.

జూలై 9, తెనాలి
ఇవాళే మళ్లీ విచారణ. సునంద గుమ్మానికి అడ్డంగా నిలబడింది.
"వద్దక్కా. సంపాదించుకున్న పేరైనా మిగలనీ."
చెప్పవలసినదంతా గట్టిగా చెప్పి వినిపించాను. తడబడలేదు. ఉప్పు కూడా వచ్చింది. అంతా విని సునంద అడిగింది: "సరే, ఎవరి కోసం వెళ్తున్నావు? ఆమె పేరేంటి?"
మొహం కనిపిస్తోంది. గొంతు వినిపిస్తోంది. పేరు...
బయట ఆటో హారన్ కొడుతోంది. చెప్పులేసుకునే రాస్తున్నాను. సునంద గుమ్మంలోంచి కదల్లేదు.