తప్పులేని పుస్తకం

నాచారం

సీతారామయ్య గారికి,

సిరా చేతులతోనే నమస్కారం. మీ 'గ్రానైటు గీతాలు' రాతప్రతి అందింది. ఫోన్ ఎత్తలేదని కోపగించుకోకండి. అక్షరాలు ఏరేటప్పుడు నేను ఫోన్ ముట్టను. ఉత్తరం రాయండి. అచ్చు పనివాణ్ణి కాబట్టి పుస్తకాల భాషలో జవాబిస్తాను, నోరు తెరిస్తే మాత్రం నాచారమే.

ఒక మాట ముందే చెప్తున్నాను. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ పేర్చి, చేత్తో కుట్టి, ఇన్నేళ్ళుగా పుస్తకాలు చేశాను. అందంగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. తప్పులేనిది మాత్రం ఒక్కటీ రాలేదు. ఏదో ఒక మూల ఒక తప్పు నన్ను చూసి పళ్ళికిలిస్తుంది. మీది తప్పు లేకుండా వస్తే ఆ తృప్తితో ప్రెస్సు షెడ్డుకు తాళం వేసేస్తాను. రాకపోతే నాకు నిద్ర పట్టదు.

ప్రూఫు మీద మీ సంతకం లేనిదే మెషిన్ ఎక్కించను. గమనించగలరు.

ఉంటాను,
బిక్షపతి

తా.క.: నేను పైకి చదువుతూ పేరుస్తాను. 'ఓ రాయీ, పలకవేమి' అన్నప్పుడల్లా మా ఆవిడ బాలనర్సమ్మ, తననే పిలిచాననుకుని, షెడ్డు వెనక నుంచి "ఏందయ్యా, ఇంటున్న!" అంటోంది.

---

రామంతాపూర్

బిక్షపతి గారికి నమస్కారాలు.

ప్రూఫు లేనిదే పని జరగదన్నారు. ఈ రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా ఇదే గొడవ కదండీ! ఆధార్, కరెంటు బిల్లు, పింఛను కార్డు నకళ్ళు జతచేశాను. అన్నిటి మీదా సంతకం పెట్టాను.

ఉద్యోగమంతా రాళ్ళ పరిశోధనలో గడిపి రిటైరయ్యాను. ఇంట్లో కూర్చోలేక కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. త్వరగా కానివ్వండి.

మీ
సీతారామయ్య

తా.క.: ఆధార్‌లో ఫోటో నాదే. మా ఆవిడ రత్నకుమారి కూడా మొదట నమ్మలేదు.

---

నాచారం

అయ్యా సీతారామయ్య గారూ,

కరెంటు బిల్లు నేనేం చేసుకోను! ప్రూఫంటే తప్పులు దిద్దడానికి ముందుగా తీసే అచ్చు కాగితం. మొదటి పేజీలవి ఇందులో పెట్టాను. దిద్ది, వాటి మీద సంతకం పెట్టండి.

ఇంతలో మరో చిక్కు వచ్చింది. ఒత్తులు అయిపోయి పని ఆగింది. మీ పద్యాలకు ఒత్తులు మహా ఎక్కువ పడుతున్నాయి. పాతవి ఎవరి దగ్గరైనా ఉన్నాయేమోనని తెలిసినవాళ్ళందరినీ అడుగుతున్నాను. మీరూ చూడండి. చేతులు ఊరుకోవడం లేదు.

ఇట్లు తొందరలో,
బిక్షపతి

తా.క.: మీకు బిల్లు ఎక్కువొచ్చింది. మీటరు చూపించుకోండి.

---

రామంతాపూర్

బిక్షపతి గారికి,

దిద్దిన ప్రూఫులతో పాటు ఒత్తులు కూడా పంపుతున్నాను. రత్న పొద్దున్నే మడి కట్టుకుని, మంచి పత్తితో చేసింది. మెషిన్‌కి ఇంత భక్తిగా దీపం పెట్టేవారు ఇంకా ఉన్నారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నెయ్యి కూడా కావాలంటే మొహమాటపడకండి.

భవదీయుడు,
సీతారామయ్య

తా.క.: మీరు పాతవి అడిగారు. పాత ఒత్తులు కాలిపోయి ఉంటాయి కదండీ! అందుకని కొత్తవే పంపాం.

---

నాచారం

మహానుభావా,

ఒత్తంటే అక్షరం కింద ఒత్తు! 'అమ్మ'లో ఉంటుందే, అది! చివరికి మూసేసిన ఒక ప్రెస్సులో దొరికాయి లెండి.

దొరికాయన్న సంతోషం గంటసేపైనా నిలవలేదు. పెద్ద కేసు నా మీద పడింది. మీ పద్యాలన్నీ అందులోనే ఇరుక్కున్నాయి. నాతోపాటు బాలనర్సమ్మ కూడా అందులోనే తలమునకలుగా ఉంది. బయటపడేసరికి వారం పట్టేట్టుంది.

దిగులుతో,
బిక్షపతి

తా.క.: ఇద్దరం అన్నం కూడా అక్కడే తింటున్నాం.

---

రామంతాపూర్

బిక్షపతి గారూ,

మీ మీద కేసా! పాపం ఆవిడ మీద కూడానా! ఏ పద్యం వల్ల? గుట్టలు పేల్చేవాళ్ళను తిట్టినదేనా? వెంటనే తీసేయండి. ఉండబట్టలేక చర్లపల్లి జైలుకు వెళ్ళి వాకబు చేశాను. నా పద్యాలు అచ్చేసినాయన లోపల ఉన్నాడా అని అడిగితే, గేటు దగ్గరి అతను "పెద్దమనిషీ, ఎండకు తిరగకు, జర ఇంటికి పో" అన్నాడు.

కంగారుతో,
సీతారామయ్య

తా.క.: పద్యాలు బాగాలేకపోతే కేసు పెట్టే చట్టం ఎప్పుడొచ్చిందని రత్న ఆశగా అడుగుతోంది.

---

నాచారం

సీతారామయ్య గారికి,

కేసంటే అక్షరాలు పెట్టుకునే గళ్ళ పెట్టె! బోర్లాపడితే ఇద్దరం కూర్చుని ఏరుకున్నాం. మీరు సంతకం పెట్టిన మిగతా ప్రూఫులూ అందాయి. పని పూర్తయింది, పుస్తకాలు పంపుతున్నాను. మూడుసార్లు చూశాను, ఒక్క తప్పూ కనపడలేదు. మీరూ చూసి చెప్పండి. మీ మాట వచ్చేదాకా నా మనసు మనసులో లేదు.

బిక్షపతి

---

రామంతాపూర్

బిక్షపతి గారికి,

భూతద్దం పెట్టి చదివాను. ఒక్క తప్పూ లేదు! మీ జన్మ ధన్యం, నా జన్మ ధన్యం. ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి.

మీ
సీతారామయ్య

తా.క.: రత్న రోజూ పూజయ్యాక ఒక పేజీ చదువుతోంది. ఇవాళ పదిహేనో పేజీ.

---

నాచారం

సీతారామయ్య సారుకు,

బిక్షపతి ఇంటామెను, బాలనర్సమ్మను దండం పెట్టి రాస్తున్న.

మీ ఉత్తరం వచ్చి పన్నెండు దినాలాయె, అప్పటికెల్లి ఆయన షెడ్డుకు తాళమేసి ఇంట్ల కూసున్నడు. కూసుంటే మంచిగనే ఉండేది, కూసుంటలేడు గదా! నా వంటింటి డబ్బాలన్నీ అ, ఆల వరుసల పెట్టిండు, నాకు ఉప్పు దొరుకుతలేదు. తీగె మీద చీరెల నడుమ సందు సమానం లేదని మళ్ల ఆరేస్తుండు. ఉప్పల్ల టిఫిన్ బండి బోర్డు మీద అక్షరం తప్పుందని బండాయనతోని కొట్లాడిండు.

నవ్వే ముచ్చట కాదు సారూ. మొన్న ఖాళీ చేతులు సూసుకుంట "నర్సూ, ఇగ నాతోని ఎవరికేం పని?" అని ఏడ్సిండు. నా పానం కొట్టుకుంటుంది. పుస్తకంల ఒక తప్పున్నదని జర రాయుండ్రి. తప్పంటే ఉరికిపోయి షెడ్డు తెరుస్తడు.

మీ చెల్లె అనుకోండ్రి,
బాలనర్సమ్మ

తా.క.: అబద్ధమెట్ల రాయాలె అని ఫికర్ జేయకుండ్రి. పని అయిపోతే ఈ మనిషి ఇట్లయితడని నాకు ముందే ఎర్క. మెషిన్ ఎక్కినంక ఆయన చాయ్ తాగనీకి పోతే, ముప్పయొకటో పేజీల 'శి' తీసి 'శీ' నేనే పెట్టిన. మీరేమో 'జీవితమంతా శిలనే ప్రేమించాను' అని రాసిన్రు. అచ్చుల 'శీలనే ప్రేమించాను' అని పడ్డది. ఈ ఉత్తరం అందేసరికి మీ ఇంటామె ఆ పేజీకే వస్తది. పూజ ఎన్ని గంటలకు?