మోటబాయి కాడ పాటల డబ్బా

మర్రిగూడ,
1941, మాఘమాసం.

గ్రామఫోను కంపెనీ మేనేజరు అమరేందర్ సారుకు,

పటేల్ బాయి మీద ఎడ్లతోని మోట కొట్టి నీళ్లు తోడె ఇస్రాయేలు వందనాలు. మిషన్ బడిల నేర్చిన నాలుగక్షరాలతోని రాస్తున్న, తప్పులుంటె మాఫ్ జెయ్యుండ్రి.

నేను కట్టి పాడిన మోటపాట రికార్డు వచ్చింది. పటేల్ తన గ్రామఫోను డబ్బా మీద పెట్టిచ్చిండు. నా గొంతు లోపట దివాన్‌ఖానల పాడుతాంది, నేను బయట వాకిట్ల నిలవడి ఇన్న. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. గీ మోట కొట్టుడు ఇడిచి పాటగానిగ బతకాలని నా ఆశ. జర రెండో రికార్డుకు పిలువుండ్రి.

ఇట్లు,
మీ పిలుపు కోసం తొవ్వ జూసె ఇస్రాయేలు.

తా.క. మీ రికార్డు అర్రల ఎడ్లు లేకపాయె. అయినా అలవాటు కొద్ది నడుమ నడుమ "హో, నడువు బిడ్డా" అని అదిలిచ్చిన. ఆ మాట తీసెయ్యుండ్రి. అది ఇని పటేల్ ఎడ్లు పలుపులు తెంపుకొని బాయి దిక్కు ఉరికినయ్.

హైదరాబాదు,
చైత్రమాసం.

శ్రీ ఇస్రాయేలుకు శుభాకాంక్షలు.

మీ పాట పట్నంలో ఎవరికీ పట్టలేదు. కానీ మీ చుట్టుపక్కల పటేళ్లు మాత్రం పోటీపడి కొంటున్నారు, రికార్డుతోపాటు డబ్బా కూడా! మెట్ట నేలలో ఎంత రసికత! "నడువు బిడ్డా" తీయవద్దని వాళ్లే ప్రత్యేకంగా రాశారు.

ఇట్లు,
మీ అభివృద్ధి కోరే అమరేందర్.

తా.క. పాట ఆగితే వినేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతున్నారట. ఇలాంటి శ్రోతలు ఏ విద్వాంసుడికీ దొరకలేదు.

మర్రిగూడ,
వైశాఖం.

అమరేందర్ సారుకు కడుపు మంటతోని ఇస్రాయేలు రాసేది:

వినేటోళ్లు ఎడ్లు సారూ, ఎడ్లు! పాట ఎత్తుకుంటె ఎడ్లు కిందికి నడుస్తయ్, బొక్కెన పైకొస్తది. చరణం అయిపోతె నీళ్లు కుమ్మరిచ్చి ఎనక్కి మళ్లుతయ్. ఏండ్ల సంది గట్ల నేర్పిన. ఇగ పటేల్ డబ్బాను బాయి గడ్డ మీద పెట్టిచ్చి, "నీ పాటుంది గద, ఇగ నువ్వెందుకురా?" అని నన్ను ఎల్లగొట్టిండు. డబ్బా తాగనీకి గట్క అడుగది, తంబాకు అడుగది. మీ కాళ్లు మొక్కుత, అమ్ముడు బంజెయ్యుండ్రి.

ఇట్లు,
బాయి పోయిన ఇస్రాయేలు.

తా.క. "నీ గొంతుకు జీతం దొరికింది, నీకే దొరకలే" అంటాంది మా ఇంటామె సైదమ్మ. కూలికి అదే పోతాంది.

హైదరాబాదు,
జ్యేష్ఠం.

శ్రీ ఇస్రాయేలుకు,

శ్రోతలను ఎడ్లు అని తిట్టడం తగదు. పటేళ్లు చదివితే ఇద్దరికీ ముప్పే. పెద్ద కళాకారులకు కోపం సహజమని ఉత్తరం చించేశాను. మీ మనసు చల్లబడటానికి మిమ్మల్ని ఆ ప్రాంతపు రికార్డుల పెద్దగా నియమిస్తున్నాం. మీరే పాటలు కట్టండి, పాటగాళ్లను ఏరి తెచ్చి పాడించండి.

ఇట్లు,
మీ మేలు మరువని అమరేందర్.

తా.క. డబ్బాలకు పెద్ద బూరలు పంపుతున్నాం. వెనక వరుసవాళ్లకూ వినపడాలి కదా.

మర్రిగూడ,
ఆషాఢం.

అమరేందర్ సారుకు, రికార్డుల పెద్ద ఇస్రాయేలు ఏడ్సుకుంట రాసేది:

పని లేక మీ మాట ఇన్న. పక్క బాయిల మీద మోట కొట్టె మారయ్యను, కురుమయ్యను పట్నం తెచ్చి పాడిచ్చిన. ఇప్పుడు ఆళ్ల బాయిల కాడ గూడ డబ్బాలొచ్చినయ్. పొద్దుగాల్నే వచ్చి నా ఇంటి ముందట నిలవడి ఇద్దరు తిడుతున్నరు. ఆ తిట్లు గూడ రాగంల పెడుతున్నరు, ఏం జెయ్యాలె, పాటగాళ్లాయె.

నన్ను పటేల్ మల్ల పిలిచిండు, డబ్బాకు చావి తిప్పనీకి. నోరు మాత్రం తెరవొద్దన్నడు, ఎడ్లు ఆగమైతయట. మొన్న డబ్బా స్ప్రింగు తెగింది. మడి ఎండుతాంది. "పాడురా ఇస్రాయేలు" అన్నడు పటేల్. నా పానమంతా పెట్టి అదే పాట పాడిన. ఎడ్లు కదల్లే. నా దిక్కు సుత చూడలే, డబ్బా దిక్కు చూసినయ్. "నీ గొంతు నీ లెక్క లేదురా" అన్నడు పటేల్. గంత బాధ నాకు ఎన్నడు కాలే సారూ.

ఇట్లు,
ఒకప్పటి ఇస్రాయేలు.

తా.క. స్ప్రింగు జల్ది పంపుండ్రి. అందాక డబ్బాల వచ్చినట్టె గరగర పాడమని పటేల్ హుకుం. మూడు దినాల సంది ముక్కు పట్టుకొని నేర్చుకుంటున్న. ఇయ్యాల మోట ఎడ్లల పుల్లెద్దు ఒక్క అడుగు ఏసింది.