పరుపుల కొట్టులో కంప్యూటరు

ఆళ్లగడ్డ,
శుక్రవారం.

అమ్మకు,

నీ కూతురు అఫ్రీన్ సలాములు. నేను బాగున్నాను. కువైట్‌లో ఎండలు ముదిరాయట, నువ్వు వేళకు ఇంత తింటున్నావనే అనుకుంటున్నాను. ఫోన్లో అయితే మీ మేడమ్ పిలవగానే పెట్టేస్తావు, నా మాట నా నోట్లోనే ఉండిపోతుంది. దెబోరా అత్త సెలవు అయిపోయి మళ్లీ అక్కడికే వస్తోంది కాబట్టి ఆమె చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. నెలాఖరుకు ఇంకో రెండేళ్లకు సంతకం పెడతానన్నావు కదా, పెట్టొద్దని చెప్పడానికే రాస్తున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

"ఆ పాత డబ్బాను నమ్ముకోని ఇల్లు నడుపుతావామే?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా నాకూ ఆ కంప్యూటరు మీద నమ్మకం లేదు. ఒక పేజీ తెరుచుకునేలోపు అన్నం వార్చి రావచ్చు. మధ్యాహ్నమైతే టైపు చేసిందంతా మింగేసి దానంతటదే ఆగిపోయేది. నాకు పుస్తకాలు టైపు చేసే పని ఇచ్చే నంద్యాల ప్రెస్సు సుందరరాజు గారు మొహం మీదే చెప్పేశారు. "పాపా, నీ పని బాగుంటాది. ఎప్పుడొస్తాదో మాత్రం తెలీదు. సోమవారానికి ఈ పుస్తకం ఇయ్యకుంటే ఇంగొకరికి ఇచ్చుకుంటా."

నాకు రోషం వచ్చింది. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ తీసేశాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని నంద్యాల వెళ్లి, మనకు అమ్మిన హరీష్ చేతనే పాత హార్డ్ డిస్క్ తీయించి, దాని చోట వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ వేయించాను. ఆన్ చేయడం ఆలస్యం, తెరుచుకుంది! అరగంట ఆగితే మళ్లీ పాత నడకే. హరీష్‌కు ఫోన్ చేస్తే, "వేడెక్కుతాంది. నేను ఇప్పింది డిస్కు పక్క మూతే. అవతలి మూత ఇప్పి లోపల ఫ్యాను తిరుగుతాందో లేదో చూడు" అన్నాడు.

స్క్రూలు నేనే విప్పాను. ఫ్యాను ఎక్కడుందో కనపడలేదమ్మా. దాని చోట తెల్లగా, మందంగా, చిన్న పరుపు! ప్లగ్గు ఉందని కొట్టులోనే, దూది ఏకే మిషను పక్కనే పెట్టాం కదా. రోజంతా గాలితో పాటు నూగును కూడా లోపలికి లాక్కుంది. అది చాలదన్నట్టు, ఎండ తగలకుండా నాయన ప్రేమగా దానికొక దూది గలేబు కూడా కుట్టి తొడిగాడు. దూదంతా పీకి, రంగులేసే బ్రష్షుతో దులిపి, ప్రాసెసరు మీద వేడిని లాగేసే పేస్టు ఎండిపోయి ఉంటే గీకి కొత్తది పూశాను. గలేబు తీసేశానని నాయన మూతి ముడుచుకున్నాడు. ఇప్పుడు పొద్దున పెడితే సాయంత్రం దాకా ఆగదు. సోమవారానికి పుస్తకం ఇచ్చాను. ఇంకో మూడు పుస్తకాలు చేతికొచ్చాయి.

ఇక ఇంతసేపూ రాయలేక దాటేస్తూ వచ్చింది రాస్తున్నాను. ఆ దూది ఉండను నాయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఒక్క ఏడాదికే ఇంత పట్టిందేందే?" అన్నాడు. అంతలోనే దగ్గు. దగ్గి దగ్గి, నవ్వుతూ, "దీనికి మూత ఉండాది, ఇప్పి తీస్తివి. నాకు మూత యాడుండాది?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాయన దగ్గు తగ్గిందా అని అడుగుతూనే ఉన్నావు. తగ్గలేదమ్మా. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మర్నాడే బలవంతంగా నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్లాను. దూది నూగు చేరి ఊపిరితిత్తుల్లో పోయిన సత్తువ తిరిగి రాదనీ, దూది ఏకడం ఆపేస్తే ఉన్నదైనా నిలుస్తుందనీ డాక్టరు చెప్పారు.

"ఏకకుంటే తినేదేందిమే? మీయమ్మ ఆడ చాకిరీ చేస్తాంటే నేనీడ కూచోని తినాల్నా?" అని అరిచాడు. "నేను పని చేస్తాండా గదా నాయనా" అన్నాను. ఆయన అరుస్తుండగానే మిషను ప్లగ్గు పీకాను. అవుకులో దూది ఏకే బాబ్జాన్ మామ వచ్చి దాన్ని ఆటోలో వేసుకుని పోయాడు. ఇకమీద ఆయన దగ్గర ఏకిన దూది తెచ్చుకుంటాం. నాయన ముక్కుకు గుడ్డ కట్టుకుని వరండాలో కుట్టుపని మాత్రం చేస్తాడు. కంప్యూటరు లోపలి గదిలోకి మార్చాను.

ఇల్లు నేను నడుపుతానమ్మా, ఆ భయం నీకొద్దు. ఫోన్లో నాయనను అడిగితే "బాగుండా" అనే అంటాడు, నమ్మొద్దు. దగ్గు తెర వచ్చినప్పుడు వీపు నిమరబోతే, "ఏం లేదు, నీ పని చూసుకో పో" అని నా చెయ్యి తోసేస్తాడు. నీ చెయ్యి తొయ్యడు. వచ్చెయ్.

ఇట్లు,
నీ మాట ఏనాడూ వినకపోయినా, ఈ ఒక్కసారి తన మాట వినమంటున్న
నీ కూతురు
అఫ్రీన్