చోటే మియాకు దొరికిన గుంజ

శ్రవణ్‌కు నాయనమ్మ దీవెనలు.

రాజోలిలో తుంగభద్ర ఒడ్డున నువ్వు కట్టిన టీ హోటలును తీసేయమని పంచాయతీ నోటీసు వచ్చింది. పంచాయతీ కార్యదర్శి సౌందర్య నా దగ్గర చదువుకున్న పిల్ల కనుక, అక్కడిదాకా నీళ్లు రావని ఆమెకు నన్ను చెప్పమన్నావు. నువ్వు ఎండాకాలంలో కొలిచి కట్టావు. వానాకాలంలో నది నీ కొలతకు కట్టుబడి ఉందో లేదో చూద్దామని నిన్న వెళ్లాను.

నీళ్లు గడపదాకా వచ్చాయి. ముందరి స్తంభానికి ఒక పుట్టి కట్టేసి ఉంది. అందులో జనాన్ని నది దాటించే చోటే మియా నన్ను చూసి నవ్వాడు.

"టీచరమ్మా, పుట్టి కట్టుకోనీకి మీ మనుమడు మంచి గుంజ పాతిండు. జర నా సలాం చెప్పుండ్రి."

అతని సలాం నీకు చెప్పాను. అబద్ధం ఆడవద్దని సౌందర్యకు నేర్పిందే నేను, ఇప్పుడు ఆమె ముందే ఎలా ఆడను? రేకులు, బెంచీలు విప్పి తెచ్చుకో. బస్టాండు దగ్గర మన ఇంటి ముందుగది ఖాళీ చేయించాను, హోటలు అక్కడ పెట్టు. టీలో చక్కెర ఎంతో మాత్రం నేను చెప్తాను.

సిఫారసు అడిగావు కనుక ఒకటి చేస్తాను. ఆ గుంజ ఒక్కటి ఉండనివ్వమని సౌందర్యను అడుగుతాను. చోటే మియాకు అలవాటైంది.

నాయనమ్మ