బెలూన్ ఎక్కడెక్కడ కనిపించిందంటే

టౌన్ ప్లానింగ్ బోర్డు అధ్యక్షులు వెండెల్ గారికి,

సెల్ టవర్ ఎంత ఎత్తొస్తుందో చూపించడానికి మొన్న శనివారం మీరు కొండ మీద ఎర్ర బెలూన్ ఎగరేయించారు. ఎవరికి ఎక్కడి నుంచి కనిపించిందో రాసివ్వమన్నారు. మరీ ఎక్కువ చోట్ల కనిపిస్తే టవర్‌కు అనుమతి ఇవ్వకూడదన్నది మన ఊరి రూలు.

మంగళవారం మీటింగులో, వేసవికి మాత్రమే ఊళ్లో దిగే హాలొవెల్ గారి భార్య "వరండాలో కూర్చుని సూర్యాస్తమయం చూద్దామంటే ఎదురుగా ఆ ఇనుప స్తంభమేనా?" అని వాపోతుంటే పావుగంట విన్నారు. నేను లేచి మా ఆయన పేరెత్తగానే, "అమ్మా, ఈ పూట కనిపించడం గురించే మాట్లాడాలి. మిగతా గొడవలు వద్దు" అని కూర్చోబెట్టారు. గొడవా అది? ఇరవై ఏళ్లు మీ వాకిట్లో మంచు తోసిన మనిషండీ ఆర్విన్!

సరే, కనిపించడం గురించే రాస్తున్నాను. మా మేపుల్ తోట కింద ఒక పల్లం ఉంది. నవంబరులో ట్రాక్టర్ తిరగబడితే, దాని కింద ఆర్విన్ మూడు గంటలు బతికే ఉన్నాడు. అత్యవసర సాయం కోసం 911కి పదకొండు సార్లు ఫోన్ చేశాడు. ఆ పల్లంలో సిగ్నల్ అందక ఒక్కటీ కలవలేదు. ఆ ఫోన్ నా దగ్గరే ఉంది, కావాలంటే తెచ్చి చూపిస్తాను.

శనివారం నేను ఆ పల్లంలోకి దిగి, ఆయన పడి ఉన్నచోటే వెల్లకిలా పడుకుని చూశాను. మీ బెలూన్ శుభ్రంగా కనిపించింది.

ఆ చోటు కూడా రాసుకోండి.

ఆర్విన్ భార్య