సున్నమైపోయిన ఆలుచిప్పలు

1968, మాఘమాసం. కళింగపట్నం.

బావ నా ఆలుచిప్పలను బతికుండగానే సున్నం బట్టీలో పోసి కాల్చేశాడు. వంశధార సముద్రంలో కలిసే చోట వెదురు గడలు పాతి, తాళ్లకు పాత చిప్పలు కట్టి, వాటిమీద పట్టిన ఆలుచిప్పల పిల్లలను కంటికి రెప్పలా పెంచాను. తుఫాను రోజుల్లో వేట లేకపోయినా పొయ్యి వెలగాలని నా ఆశ.

పొద్దున బట్టీ దగ్గరే నిలదీశాను.

"ఒరే, నీటిలో సిప్పల మీద నీ పేరు రాసున్నాదేటి? పెళ్లికి ఇంటికి ఎల్ల ఎయ్యాల, సున్నం సాల్లేదు, పీకించీసినాను. ఏటి సేస్తావు?" అన్నాడు. పక్కనే ఉన్న అక్క సున్నం బుట్టకెత్తుకుంది.

ఏం చేస్తానో అప్పుడు చెప్పలేదు. రేపు అక్క కూతురు గౌరి పెళ్లి. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోయాల్సింది మేనమామ. ఉన్న ఒక్క మేనమామనూ నేనే. ముహూర్తం దాటేదాకా సముద్రం మీదే ఉంటాను. వియ్యాలవారి ముందు బావ నన్ను వీధివీధీ వెతుక్కోవాలి. నా చిప్పల సున్నంతో తెల్లబడిన ఆ గోడల ముందు ఆయన మొహం నల్లబడాలి.

సాయంత్రం గౌరి గంప తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. ఆ తాళ్లకు నాతోపాటు చిప్పలు కట్టింది ఆ పిల్లే. "మావా, గంప గట్టిగా ఉన్నాదో లేదో సూడు. దారిలో నన్ను పడీసీగలవు" అని నవ్వి వెళ్లిపోయింది.

చిప్పలు కట్టగా మిగిలిన తాడుతో గంప అంచు బిగించాను. పడవను కూడా నీళ్లలోకి తోసి ఉంచాను.