నీ పేరు మీద తీసిన వాగ్దానం

అక్కా,

నువ్వు పోయాక ఇదే మొదటి కొత్త సంవత్సరం. పొద్దున బోధన్ చర్చిలో ఎప్పటిలాగే, ఏడాదికని తలా ఒక బైబిలు వాక్యం తీసుకునే వాగ్దానపు కార్డుల పళ్ళెం తిప్పారు. నీకు మంచి వాక్యం వస్తే నేను మూతి ముడిచేదాన్ని. నువ్వు నవ్వి నీ కార్డు నాకిచ్చేసేదానివి.

పాస్టరమ్మ నా ముందు ఆగి, "అక్క పేరు మీద గూడ ఒకటి తియ్యి బిడ్డా" అన్నది.

తీశాను. దేవుడు ఎన్నటికీ మారడని రాసి ఉంది. మళ్ళీ నీకే మంచిది వచ్చింది.

అయినా ఈసారి నా కుళ్ళు నీ మీద కాదు, ఆయన మీద. మారనివాడు కదా, నీ గొంతు ఆయనకు నిరుడు విన్నట్టే వినిపిస్తుంటుంది. నేను అప్పుడే దాన్ని మరిచిపోతున్నాను.

నీ కార్డు ఇంటికి తెచ్చుకున్నాను. ఈసారి నువ్వివ్వలేదు, నేనే తీసుకున్నాను.